చెయ్యెత్తిన చొక్కా

ప్రతి మంగళవారం పొద్దున్నే డ్రైవరు భార్య ఇస్త్రీపెట్టె వేడిచేసి, మొగుడి పాత మిలిటరీ చొక్కా మీద నీళ్లు చిలకరించేది. ముందు కాలరు, తర్వాత భుజాలు, చివర చేతులు. ఆ వరస తప్పితే ఎంత రుద్దినా ఎక్కడో ఒక ముడత మిగిలిపోతుంది. సంసారమూ అంతేనని ఆవిడ తల్లి అంటూండేది గాని, అది వేరే కథ. తొమ్మిదిన్నరకి గుండీలు పెట్టి గుమ్మం దగ్గర వదిలితే, చొక్కా దానంతటదే మెట్లు దిగి, వీధి మలుపు తిరిగి, బస్సెక్కి, పాత పోస్టాఫీసు మేడ మీద జరిగే మీటింగుకి వెళ్లేది. కండక్టరు దానికి టిక్కెట్టు కొట్టేవాడు కాదు. లోపల మనిషి లేనప్పుడు ఎలా కొడతాడు?

అది సైన్యం నుంచి తిరిగొచ్చి తాగుడుకి చిక్కినవాళ్ల మీటింగు. డ్రైవరు పటాలంలో పన్నెండేళ్లు లారీ తోలి, వచ్చాక సిటీ బస్సుల్లో చేరాడు. తాగితే తప్ప కునుకు పట్టదు. తాగితే పొద్దున స్టీరింగు ముందు చేతులు వణుకుతాయి. డిపో మేనేజరు మంచివాడు కాబట్టి, పన్నెండు వారాలు ఆ మీటింగుకి వెళ్లినట్టు ఉత్తరం తెస్తే మళ్లీ బస్సిస్తానన్నాడు. తేకపోతే ఇక రానక్కర్లేదన్నాడు. మొదటి మంగళవారం డ్రైవరు ముసుగు తన్ని పడుకుంటే, చొక్కా మేకు మీంచి దిగి తనే వెళ్లింది.

"మీకంటే మీ చొక్కా నయం" అంది భార్య.

"హాజరు పడుతోంది కదా. ఇంకేం కావాలి?" అన్నాడు ముసుగులోంచే.

పదకొండో మంగళవారం వాన పట్టుకుంది. మీటింగు నడిపే ఆవిడ ఫోన్ చేసింది. ఆవిణ్ణి అందరూ డాక్టరమ్మ అంటారు. చదివింది డాక్టరీ కాదు. గడియారం వంక చూడకుండా ఎదుటివాడి గోడు వినేవాళ్లకి జనం ఆ పేరు పెట్టేస్తారు.

"మీ చొక్కా తడిసి ముద్దయింది. లేవలేకపోతోంది. వచ్చి తీసుకెళ్లండి."

డ్రైవరు భార్య వంక చూశాడు.

"నన్ను చూస్తారేం? అది నేను తొడుక్కునేదా?" అంది. అంటూనే గొడుగు తీసుకుని తనూ బయల్దేరింది.

మేడ మీద గుండ్రంగా ఎనిమిది కుర్చీలు. ఏడుగురు మనుషులు, ఒక చొక్కా. చొక్కా కుడిచెయ్యి పైకెత్తి కూర్చుంది. చేతి అంచు నుంచి నీళ్లు కారుతున్నాయి.

"అదేంటి అలా కూర్చుంది?" అన్నాడు డ్రైవరు.

"అయిదు వారాలుగా ఇదే వరస" అన్నాడు పక్క కుర్చీలోని వంటాయన. సైన్యంలో మూడొందల మందికి వండి వార్చినవాడు. గొంతు ఇంకా ఆఖరి బంతిదాకా వినబడేలాగే ఉంటుంది. "మా వంతులయ్యాక చెయ్యెత్తుతుంది. చెప్పమ్మా అంటాం. నోరేదీ, చెప్పడానికి?"

"మరి నా ఉత్తరం..."

"వచ్చేవారం ఇస్తాను" అంది డాక్టరమ్మ. "చొక్కా పేరున. బస్సు కూడా అదే నడుపుతుందిగా."

అందరూ నవ్వారు. డ్రైవరూ నవ్వబోయి ఆగిపోయాడు.

"అది ఏం చెప్పాలనుకుంటోందో మీకేమైనా తెలుసా?" అందావిడ, నవ్వకుండా.

డ్రైవరుకి తెలుసు. ఒంటిమీది చొక్కా విప్పి పక్కన పెట్టాడు. తర్వాత భార్య చొక్కాని లేవదీసి పట్టుకుంటే, చేతులు దూర్చాడు. వీపంతా జివ్వుమంది. పొట్ట దగ్గర రెండు గుండీలు కలవలేదు.

"వదిలెయ్ బాబూ, ఇక్కడ పరేడేం లేదు" అన్నాడు వంటాయన.

డ్రైవరు కుర్చీలో కూర్చుని నేల చూస్తూ చెప్పాడు. "ఆ పొద్దున లారీ తోలాల్సింది నేను. జ్వరమన్నాను. జ్వరం లేదు. భయమేసింది. నా బదులు ఇంకొకడు వెళ్లాడు. పాపం, వెళ్తూ వెళ్తూ నా మీద దుప్పటి కప్పి మరీ వెళ్లాడు. లారీ తిరిగి రాలేదు."

ఈ మాట భార్యకి కూడా తెలియదు. ఆవిడ వంగి, చొక్కా అంచు పట్టుకుని నెమ్మదిగా నీళ్లు పిండింది.

"నాకూ వచ్చిందిలే అలాంటి జ్వరం" అన్నాడు వంటాయన, మొదటిసారి గొంతు తగ్గించి. "రెండుసార్లు."

ఆ తర్వాత చొక్కా తనంతట తాను ఎప్పుడూ నడవలేదు. డాక్టరమ్మ లెక్క మళ్లీ ఒకటి నుంచి మొదలెట్టింది కాబట్టి ఉత్తరానికి ఇంకో పన్నెండు వారాలు పట్టింది; మధ్యలో డ్రైవరు రెండుసార్లు జారి, మళ్లీ లేచి వెళ్లాడు. అదంతా తర్వాతి సంగతి. ఆ రోజు మాత్రం, తిరుగుబస్సులో రెండో స్టాపు రాకుండానే అతని తల భార్య భుజం మీద వాలింది. పొద్దుట్నుంచి చుక్క ముట్టలేదు. ఊపిరిలో వాన వాసన తప్ప ఏమీ లేదు. ఇంటి స్టాపు వచ్చింది. ఆవిడ లేపలేదు. బస్సు చివరిదాకా వెళ్లి, తిరిగి వచ్చింది. మళ్లీ వాళ్ల స్టాపు. కండక్టరు వెనక్కి తిరిగి చూశాడు. ఆవిడ పెదవుల మీద వేలు పెట్టుకుని, పోనిమ్మన్నట్టు చెయ్యి ఊపింది.