దిద్దిన చెయ్యి

ఆ ఉదయం ఆకాశం మబ్బేసి, కురవకుండా ఉక్కపెట్టింది. ప్రాంతీయ బడుల బొమ్మలు వేసే పోటీలో మొదటి బహుమతికి, బోర్డులు రాసే పెయింటరు కూతుర్ని పిలిచారు. కుట్టుమిషను ముందు కూర్చున్న వాళ్లమ్మ బొమ్మ వేసిందా పిల్ల.

"ఆ చెయ్యి ఎంత పొందిగ్గా ఉందో చూడండి!" అన్నాడు న్యాయనిర్ణేత.

పిల్ల లేవలేదు. "చెయ్యి నేను వేసింది కాదు. మా నాన్నని పిలిచి ఇవ్వండి," అంది.

ఇంటికొచ్చాక తండ్రి విరుచుకుపడ్డాడు. "పదిమందిలో నా పరువు తీశావు కదే! వంకరగా వేశావని దిద్దాను. అదీ తప్పేనా?"

"అమ్మ వేళ్లు వంకరే నాన్నా. మిషను సూది దిగినప్పట్నుంచీ అంతే. బోర్డు మీద అక్షరాలు దిద్దినట్టు దిద్దేశావు. ఎప్పుడైనా ఆ చెయ్యి చూశావా?"

తల్లి ఆ చేత్తోనే కంచాలు పెట్టింది. ముగ్గురూ తలెత్తకుండా తిన్నారు.