రెండు సీట్ల బండి

బెంగళూరు నగర్తపేటలో జరీ అంగడి నడిపే ఓబళప్ప ఎర్రటి స్పోర్ట్స్ కారొకటి కొన్నాడు. దాన్ని లారీకి మోకుతో కట్టి ఇంటి ముందుకు లాగించుకొచ్చిన రోజున వీధి వీధంతా బయటికొచ్చి నిలబడింది. పైకప్పు లేదు. చక్రాలకు సైకిలు చక్రాలకున్నట్టు ఊచలు. చిక్కమగళూరు వైపు కాఫీతోట ఉన్న ఒక దొర వాడి వదిలేసిన బండి అది. చాలా ఏళ్ళు షెడ్డులో పడి ఉండి, సీట్లలో ఎలుకలు కాపురం పెట్టాయి.

"ముగ్గురుండే ఇంటికి రెండు సీట్ల బండి తెస్తివి గదరా! నన్ను యాడ కూర్చోబెడతావు, బానెట్టు మీదనా?" అంది అతని తల్లి నంజమ్మ.

అతని భార్య సరోజమ్మ బండి చుట్టూ ఒకసారి తిరిగి చూసింది. పన్నెండేళ్ళ కాపురంలో ఓబళప్ప తనకోసం ఒక మంచి చెప్పుల జత కూడా కొనుక్కున్న మనిషి కాడు. కుర్రతనంలో మద్రాసు పోయి కార్ల రేసులు చూసొచ్చానని మాత్రం అప్పుడప్పుడు చెప్పేవాడు. ఆ కోరిక ఇన్నాళ్ళూ లోపలే దాచుకున్నాడని ఆమె ఆ రోజే తెలుసుకుంది. అది 1978.

బండిని విల్సన్ గార్డెన్‌లో గంగప్ప అనే మెకానిక్కు షెడ్డులో పెట్టారు. గంగప్ప ఓబళప్పకు చిన్నప్పటి స్నేహితుడు. ఇంజను విప్పి, తుప్పు గోకి, బిగించడానికి వానాకాలమంతా పట్టింది. ఆదివారాలు భార్యాభర్తలిద్దరూ క్యారియరులో చిత్రాన్నం తీసుకుని అక్కడికే పోయేవారు. ఆ ఇంజనుకు రెండు కార్బురేటర్లు. రెండూ ఒకే రకంగా గాలి పీల్చకపోతే బండి ఎగిరెగిరి పడుతుంది. గంగప్ప ఒక రబ్బరు గొట్టం చెవికి పెట్టుకుని ఒకదాని తర్వాత ఒకటి విని, మరలు తిప్పేవాడు. ఒకసారి సరోజమ్మ ఆ గొట్టం అడిగి తీసుకుని వింది.

"వెనకది కొంచెం ఎక్కువ బుస కొడతా ఉండాది," అంది.

గంగప్ప మళ్ళీ విని, మర పావు చుట్టు తిప్పాడు. ఇంజను సాఫీగా ఆడింది. ఓబళప్ప చేతికున్న గ్రీజు సంగతి మరిచిపోయి భార్య భుజం తట్టాడు. చీర మీద పడిన ఆ మరక మళ్ళీ పోలేదు. ఆమెకు దాని గురించి కోపమూ రాలేదు.

డ్రైవింగు నేర్చుకోవడానికి హోసూరు రోడ్డులో బొమ్మనహళ్ళి దాటి పోయేవారు. ఆ రోజుల్లో అక్కడ అటూ ఇటూ రాగి చేలు, దారిన ఎప్పుడో ఒక లారీ. గంగప్ప పక్కన కూర్చుని చెప్పేవాడు: "క్లచ్చి అట్లా టపీమని వదలొద్దప్పా. నిద్రపోయిన బిడ్డ తలకాయ కింద నుంచి చెయ్యి తీసినట్ల తియ్యి." ఓబళప్ప తీసినప్పుడల్లా బండి కప్పలా దూకి ఆగిపోయేది. కొన్ని వారాలకు చెయ్యి తిరిగింది. తనకు వచ్చీరాగానే భార్యనూ కూర్చోబెట్టి నేర్పడం మొదలుపెట్టాడు. "ఆడదానికి ఎందుకప్పా?" అని ఎవరో అంటే, "రెండు సీట్లు ఉండేది ఎందుకు మరి?" అన్నాడు. ఆమె ఒకటో గేరు, రెండో గేరు దాకా నేర్చుకుంది. అతను ఎప్పుడూ విసుక్కోలేదు. అసలతను గొంతు పెంచగా ఆమె వినలేదు. ఆమెకు టైఫాయిడ్ వచ్చిన ఏడాది అంగడి మూసుకుని మంచం పక్కనే కూర్చుని చెంచాతో గంజి తాగించినవాడు. తన మొగుడెలాంటి మనిషో తనకు తెలుసని ఆమె నమ్మకం.

బ్రేకు విషయంలో గంగప్ప ముందే చెప్పాడు. "లోపలి రబ్బరు ఈడ దొరకదు. లారీ రబ్బరు కోసి వేసి ఉండాను. ఊర్లో తిరుగు, ఏమీ కాదు. ఘాటు రోడ్డు మాత్రం వద్దు. మద్రాసు నుంచి తెప్పిస్తాను."

మాఘమాసంలో ఒక ఆదివారం ఓబళప్ప నంది కొండకు పోదామన్నాడు. సరోజమ్మ గంగప్ప మాట గుర్తు చేసింది. "మెల్లగా పోతాం లే," అన్నాడు.

ఎక్కేటప్పుడు బండి బాగానే ఎక్కింది. పైన మంచు, చల్లగాలి. ఇద్దరూ కొండ అంచున కూర్చుని వేడి బజ్జీలు తిన్నారు. అతను చిన్నపిల్లాడిలా మాటిమాటికీ లేచి వెళ్ళి బండిని చూసొచ్చాడు.

దిగేటప్పుడు మూడో మలుపో నాలుగో మలుపో దాటాక అతను బ్రేకు నొక్కాడు. పెడలు ఏ అడ్డూ లేకుండా నేలకు తగిలింది. మళ్ళీ నొక్కాడు. మళ్ళీ అంతే. బండి వేగం పెరిగింది. అతను కంగారులో క్లచ్చి కూడా పూర్తిగా తొక్కేశాడు. దాంతో చక్రాలకూ ఇంజనుకూ సంబంధం తెగిపోయి, బండి మరింత జోరుగా కిందికి జారింది. రోడ్డుకు కుడి పక్కన కొండ. ఎడమ పక్కన, సరోజమ్మ కూర్చున్న వైపు, మోకాలెత్తు రాళ్ళు, వాటి అవతల లోయ.

"హ్యాండు బ్రేకు!" అని ఆమె అరిచింది.

ఓబళప్ప ఆమె వైపు తిరిగాడు. తర్వాత కుడి చేత్తో తలుపు తెరిచి దూకేశాడు.

ఆ సీటు ఖాళీగా ఉండటం ఆమె చూసింది. చూసిందే గాని, అదేమిటో మనసుకు పట్టలేదు. స్టీరింగు తనంతట తాను కదులుతోంది. తలుపు కొట్టుకుంటోంది. అతని కాలు క్లచ్చి మీద నుంచి పోవడంతో ఇంజను ఒక్కసారి చక్రాలను పట్టుకుంది. బండి జర్కు తిని గట్టిగా మొరిగింది, వేగం కొంచెం తగ్గింది. ఆ కుదుపుకే ఆమెకు తెలివి వచ్చింది. పక్క సీటు మీదికి వాలి స్టీరింగు పట్టుకుని కుడివైపు లాగింది. రెండో చేత్తో హ్యాండు బ్రేకు పైకి గుంజింది. ఎదురుగా ఏ బండీ రాకపోవడం ఆమె అదృష్టం. ముందు చక్రం కొండ పక్కన కాలువలో పడింది. మడ్‌గార్డు రాతిని గీరుకుంటూ కొంత దూరం పోయింది. ఇంజను ఆగిపోయింది.

చుట్టూ చప్పుడు లేదు. ఆమె తాళంచెవి తిప్పి తీసింది. దాన్ని ఎందుకు తీసిందో, తీసి ఎందుకంత గట్టిగా పిడికిట్లో పట్టుకుందో ఆమెకే తెలియదు.

మలుపు వెనక నుంచి ఓబళప్ప పరుగెత్తుకుంటూ వచ్చాడు. మోచేతులు చీరుకుపోయాయి, పంచె చినిగింది. దగ్గరికొచ్చి ఆగాడు. ఆమెను ముట్టుకోబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"నువ్వూ దూకుతావనుకొంటిని," అన్నాడు.

ఆమె ఎడమవైపు లోయను చూసింది. అతనూ చూశాడు. మళ్ళీ ఆ మాట అనలేదు.

బండిని అక్కడే వదిలేసి నడిచి కొండ దిగి, చిక్కబళ్ళాపురం నుంచి వచ్చే బస్సెక్కారు. అతని రక్తం చూసి పక్కసీటు పెద్దాయన ఏమైందని అడిగాడు. ఓబళప్ప నోరు తెరిచేలోపు సరోజమ్మే జవాబు చెప్పింది. "బ్రేకు పోయింది. ఈయన కొండకు తిప్పి నిలబెట్టినారు."

ఆ అబద్ధం అంత సులువుగా ఎలా వచ్చిందా అని ఆమె ఆశ్చర్యపోయింది. ఓబళప్ప కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. బెంగళూరు చేరేదాకా ఆమె పిడికిట్లో తాళంచెవి అలాగే ఉంది.

ఇంట్లో నంజమ్మ కొడుకు గాయాలు కడిగి పసుపు పెట్టింది. సరోజమ్మ ఆమెకూ అదే కథ చెప్పింది. నంజమ్మ కళ్ళు నీళ్ళతో నిండాయి. "దేవుడు కాపాడినాడు. నా కొడుకు గట్టోడు గనక సరిపోయింది. ఇంకొకడైతే ఇద్దరూ పోయి ఉంటిరి," అని అతని తల నిమిరింది.

ఓబళప్ప ఆ చేతిని పట్టుకుని పక్కకు దించాడు.

"నేను దూకేస్తిని అమ్మా," అన్నాడు. "దాన్ని బండిలో వదిలేసి నేను దూకేస్తిని. బండి నిలబెట్టింది సరోజ."

నంజమ్మకు అర్థం కాలేదు. "ఏమిరా మాట్లాడతా ఉండావు?"

అతను మళ్ళీ అదే చెప్పాడు, ఒక్క మాట మార్చకుండా. నంజమ్మ కోడలి వైపు చూసింది. సరోజమ్మ గోడకు ఆనుకుని నిలబడింది. అతను బస్సులోలా ఊరుకుంటాడనే ఆమె అనుకుంది. ఊరుకుని ఉంటే బతికినంత కాలం ఆ అబద్ధాన్ని ఇద్దరూ కలిసి మోసి ఉండేవారు. ముసలామె లేచి లోపలికి పోయి చెంబుతో నీళ్ళు తెచ్చి కోడలికిచ్చింది. "తాగు. పొద్దున్నుంచి ఏమి తాగితివో ఏమో," అంది. ఆ రోజు కొడుకుతో మళ్ళీ మాట్లాడలేదు.

తర్వాతి రోజులు సరోజమ్మకు విచిత్రంగా గడిచాయి. కుక్కరు విజిలు వేస్తే ఉలిక్కిపడేది. అంగడికి భోజనం తీసుకుపోయి, గిరాకీలకు జరీ దారపు కండెలు విప్పి చూపే మొగుణ్ణి దూరం నుంచి చూస్తూ నిలబడేది. అవే చేతులు, అదే మెత్తటి గొంతు. ఆ మనిషీ ఈ మనిషీ ఒకరేనా అని తనను తానే ప్రశ్నించుకునేది. ఒక మధ్యాహ్నం గిరాకీలెవరూ లేనప్పుడు అడిగేసింది.

"దూకేముందు నన్ను చూస్తిరా?"

అతను చేతిలోని కండె కింద పెట్టాడు. 'లేదు' అంటే బాగుండునని ఆమె ప్రాణం కొట్టుకుంది. చూడలేదు, ఏమీ కనబడలేదు, భయంలో కాళ్ళే దూకాయి అంటే చాలు. దాన్ని పట్టుకుని బతకొచ్చు.

"చూస్తిని," అన్నాడు ఓబళప్ప. "నీ మొగం బాగా చూస్తిని. అయినా దూకేస్తిని."

ఆమె ఖాళీ క్యారియరు తీసుకుని ఇంటికొచ్చింది. దారిలో రెండుసార్లు తప్పు సందులోకి తిరిగింది. పుట్టి పెరిగిన పేట అది.

గంగప్ప కొండకు లారీ పంపి బండిని తెప్పించాడు. మద్రాసు నుంచి రబ్బర్లు వచ్చాయి. బ్రేకు కొత్తగా కట్టాడు. "నా చేత్తో వేసిన రబ్బరు అది అక్కా," అని ఆమె ముందు తల దించుకున్నాడు. "నువ్వు వద్దంటివి, మేమే పోతిమి," అంది ఆమె. ఓబళప్ప బండి అమ్మేస్తానన్నాడు. "అమ్మొద్దండి. నేను నేర్చుకుంటాను," అంది. అతను సరేనన్నాడు. ఆమె ఏ మాటనూ కాదనే ధైర్యం అప్పటికి అతనికి పోయింది.

గంగప్ప పక్కన కూర్చుని నేర్పాడు. మూడో గేరు, నాలుగో గేరు, మలుపుకు ముందే గేరు దించడం, బ్రేకు లేకుండా ఇంజనుతోనే బండిని అదుపులో పెట్టడం. ఆమె లైసెన్సు తెచ్చుకుంది. చీర కొంగు నడుముకు బిగించి ఆ ఎర్ర బండి నడుపుకుంటూ నగర్తపేటలో తిరిగితే జనం అంగళ్ళలోంచి బయటికొచ్చి చూసేవారు. ఓబళప్ప మాత్రం బండి దగ్గరికి రాలేదు. ఏడాది దాటినా రాలేదు.

ఒక ఆదివారం ఆమె ఇంజను వేడెక్కనిచ్చి, లోపలికి వచ్చి పిలిచింది. "రండి, అత్తిబెలె దాకా పోయి కాఫీ తాగొద్దాం."

"నాకు భయం సరోజా," అన్నాడు అతను. "బండి అంటే కాదు. మళ్ళీ ఏమన్నా అయితే నేను ఏమి చేస్తానో అని."

"నాకూ అదే భయం," అంది ఆమె. "కూర్చోండి."

అతను వచ్చి ఎడమ సీట్లో కూర్చున్నాడు. బండి హోసూరు రోడ్డు ఎక్కింది. ఒకచోట దిగుడు వచ్చింది. పెద్ద దిగుడేమీ కాదు. అతను రెండు చేతులతో సీటు పట్టుకోవడం ఆమె ఓరకంట చూసింది. ఓదార్చలేదు. గేరు మూడుకు దించింది. ఇంజను గట్టిగా మొరిగి బండిని పట్టుకుంది.

"నేను ఆ దినం మరిచిపోలేదు," అంది రోడ్డు మీంచి చూపు తిప్పకుండా. "మరిచిపోతానని మాట కూడా ఇవ్వను."

"వద్దు," అన్నాడు ఓబళప్ప.

అత్తిబెలెలో కాఫీ తాగారు. కాఫీ బాగాలేదని ఇద్దరూ ఒకేసారి అన్నారు. ఆ రోజు నుంచి అతను ప్రతి ఆదివారమూ ఆమె పక్కన కూర్చున్నాడు.