గడియ వెనక వసంతమ్మ

మిషను తొక్కుతున్న వసంతమ్మ పాదం తలుపు చప్పుడుకు ఆగింది. సగం కుట్టిన జాకెట్టులో మిషను సూది దిగి నిలిచిపోయింది. ఆమె గడియ జోలికి పోలేదు. కిటికీ రెక్క ఓరగా తీసి చూసింది.

ఇద్దరు మగవాళ్ళు. కొత్త మొహాలు. ఒకడి భుజాన తోలుసంచి, ఇంకొకడి చేతిలో ఎర్రటి పొడి డబ్బా.

“ఇత్తడి, వెండి, బంగారం, యాదైనా మెరుగు పెడతామక్కా. ముందు ఒక దీపంకుంది ఇచ్చి సూడు. దుడ్డు వద్దు.”

“మాకేమీ వద్దప్పా.”

“పోనీ, రోంత నీళ్ళన్నా ఇయ్యక్కా. ఎండకు తాళలేకుండాము.”

వసంతమ్మ కిటికీ రెక్క ఇంకాస్త దగ్గరికి లాక్కుంది. మొన్న పక్కింటి పంకజాక్షినీ ఇలాగే నీళ్ళడిగారు. ఆమె లోపలికెళ్ళి వచ్చేసరికి మెరుగుకిచ్చిన గొలుసూ లేదు, మనుషులూ లేరు.

“మా ఇంటాయన లోపల పండుకోనుండాడు. లేపమంటారా?” అంది గట్టిగా.

వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుని మెట్లు దిగారు.

ఇంటాయన గురప్ప పోయి చాలా ఏళ్ళయింది. మామిడికాయల మండీలో గంపలు మోసి మోసి, ఒక వేసవిలో మంచం పట్టి మళ్ళీ లేవలేదు. పిల్లలు లేరు. చిత్తూరులోని ఈ సందులోనే జాకెట్లు కుట్టుకుంటూ ఒంటరిగా బతుకుతోంది వసంతమ్మ. కొత్తవాళ్ళు తలుపు తడితే మాత్రం గురప్పను బతికించి లోపల పడుకోబెడుతుంది. ఆ మాట అన్నాక కాసేపు వెనకగది వైపు చూడలేదు.

మళ్ళీ మిషను ముందు కూర్చుంది గానీ కుట్టు వంకర పోయింది. విప్పి మళ్ళీ కుట్టింది.

పొద్దు వాలుతుండగా మళ్ళీ చప్పుడు. ఈసారి మెల్లగా.

“అమ్మా... రోంత నీళ్ళు...” బొంగురు గొంతు. మాట సగంలోనే తెగింది.

వాళ్ళే తిరిగొచ్చారనుకుంది. కిటికీ తీయడానికి కూడా ధైర్యం చాలలేదు. తలుపుకు వీపు ఆనించి, “మా ఇంటాయన పండుకోనుండాడు. పో అప్పా!” అని అరిచింది.

 బయటి నుంచి ఆ గొంతే నిదానంగా పలికింది.

“సరేమ్మా. నిదర లేపొద్దులే. జాగ్రత్తగానే ఉండు.”

ఆ గొంతు ఎవరిదో తెలియడానికి కొంతసేపు పట్టింది. మునస్వామి! దారాలూ గుండీలూ హుక్కులూ మూటగట్టుకుని ఇల్లిల్లూ తిరిగి అమ్మే ముసలాయన. గురప్ప పాడెకు భుజం పట్టినవాడు. అన్నీ తెలిసి కూడా ఆమె అబద్ధాన్ని కాదనకుండా పోయాడు.

గడియ లాగి, చెంబుతో నీళ్ళు ముంచుకుని వీధిలోకి పరుగెత్తింది. మలుపులో, టీ అంగడి ముందు గుంపు కనిపించింది. పంకజాక్షి ఎదురొచ్చి చేయి పట్టుకుంది.

“పోయినాడక్కా. ఈడికొచ్చి కూలబడినాడు. నోట్లో నీళ్ళు పోస్తే మింగలేదు.”

“నా తలుపే కొట్టినాడు పంకజాక్షీ. నేనే తియ్యలేదు.”

“నీకేం తెలుసక్కా? నేనైనా తీసుండను.”

వసంతమ్మ గుంపును తోసుకుని ముందుకెళ్ళింది. బెంచీ మీద పడుకోబెట్టిన మనిషి పెదవుల మీద దుమ్ము అలాగే ఉంది. కొంగు తడిపి తుడిచింది.

దీపాలు పెట్టే వేళకు ఇంటికి తిరిగొచ్చింది. అరుగు మీద, గడప పక్కన, గాలికి ఎగిరిపోకుండా చిన్న రాయి పెట్టి, జాకెట్టు హుక్కుల పొట్లం ఒకటి ఉంది.