తెగే పురికొస

ఈ ఏడు ఓర్లీన్ వేటకని కొండెక్కితే, దిగేటప్పుడు ఎల్క్ దుప్పితో పాటు ఆమెను కూడా కంచరగాడిద వీపు మీద అడ్డంగా కట్టి తేవాల్సిందేనని ఫెర్న్ అన్నదట. తపాలా గదిలో నలుగురూ వింటుండగా అన్నదట. ఎద్దు పుండు కాకికి రుచి. ఆ మాట దాణా కొట్టు హోయ్ట్ చెవిన పడింది. ఓట్స్ బస్తా ఓర్లీన్ బండిలోకి ఎత్తుతూ అతను ఆ మాట కూడా అందులోనే వేశాడు.

"ఇంకా ఏమంది?" అని ఓర్లీన్ అడిగింది.

"నాకెందుకులే."

"సగం మింగితే కడుపుబ్బుద్ది. చెప్పు."

"ఇనప తుంటి పెట్టించుకున్న మనిషి తుపాకీ పట్టుకుని కొండలెక్కటం ఏంటి అంది. పోయినేడు ముడెయ్యటం చేతగాక టోబీని లోయలో పారేసింది, ఈ ఏడు ఇంకెన్నిటిని పారేస్తదో అంది."

ఓర్లీన్ బండి తలుపు మూసింది. "ఫెర్న్‌తో చెప్పు. నన్ను అడ్డంగా కట్టాల్సొస్తే మధ్యకి కాస్త ఎడమకి జరిపి కట్టమను. కుడి తుంటి ఇనప్ది, బరువెక్కువ. ఒకపక్కకి ఒరిగితే పశువు వీపు పుండవుద్ది."

హోయ్ట్ నవ్వాడు. ఆమె నవ్వలేదు.

టోబీ సంగతి లోయంతటికీ తెలుసు. తెలిసిందల్లా సగమే. ప్రార్థన మెట్టు అనే ఇరుకు దారిలో, ఒకపక్క కొండ, ఒకపక్క అగాధం ఉన్నచోట, వరసలో ఆఖరి కంచరగాడిద టోబీ కాలు జారి పడింది. వరసలో ప్రతి కంచరగాడిద పగ్గాన్నీ ముందున్న దాని జీనుకు కడతారు. అయితే నేరుగా కట్టరు. జీనుకు ఒక పురికొస ఉచ్చు వేసి, పగ్గాన్ని ఆ ఉచ్చుకు కడతారు. పోయినేడు ఆ పురికొస తెగింది. టోబీ పోయింది, దాని మీదున్న మాంసం పోయింది. మిగతా పశువులు మెట్టు మీద నిలబడే ఉన్నాయన్న సంగతి ఎవరూ చెప్పుకోలేదు. నిలబడినవాటి గురించి చెప్పుకుంటే కబురు ఏముంటుంది?

ఆ సాయంత్రం మరిది మెర్ల్ వచ్చాడు. పొయ్యి దగ్గర కూర్చుని, టోపీ మోకాలి మీద పెట్టుకుని, ఆమె పోసిన కాఫీ సగం తాగేదాకా వాతావరణం గురించే మాట్లాడాడు. తర్వాత అసలు విషయానికి వచ్చాడు. ఆ కంచరగాడిదలను మెర్ల్ తండ్రి తన ఇద్దరు కొడుకులకూ ఉమ్మడిగా వదిలి పోయాడు. ఓర్లీన్ మొగుడు ఎల్డన్ పోయి రెండు చలికాలాలు దాటాయి. సగం మెర్ల్‌దే.

"ఊళ్ళో అనుకుంటున్నారు వదినా."

"ఊళ్ళో అనుకోకపోతే ఊరెందుకు?"

"అది కాదు. ఈసారి వరస తెగకుండా కిందికి తెచ్చావనుకో, చచ్చేదాకా నీ పశువుల ఊసెత్తను. తెగిందా, నా కొట్టంలోకి తోలతా. నువ్వు ఇంటి పట్టున ఉండు."

ఇంటి పట్టున అన్న మాట దగ్గర ఓర్లీన్ కాఫీ కప్పు కింద పెట్టింది. ఈ ఇంట్లో తనదంటూ మిగిలింది ఆ పశువులే. పొద్దున్నే అవి సకిలించకపోతే ఆమెకు లేవడానికి కారణం లేదు. ఆ సంగతి మెర్ల్‌కీ తెలుసు.

"సరే. అయితే నువ్వూ రా," అంది. "ఫెర్న్ చెప్పింది వినే కంటే నీ కళ్ళతో చూసిపో."

ఇద్దరూ గుర్రాల మీద, కంచరగాడిదల వరసతో కొండెక్కి పైన గుడారం వేశారు. రేకు పొయ్యి పెట్టారు. పశువులకు రెండు చెట్ల మధ్య ఎత్తుగా మోకు లాగి కట్టారు. మంచు కొంచెం కురిసి ఆగింది. తెల్లవారుజామున ఓర్లీన్ తుంటి పట్టుకుని, మధ్య మధ్య ఆగుతూ, మెర్ల్ కంటే ముందే గట్టెక్కింది. ఆస్పెన్ చెట్ల అంచున మగ ఎల్క్ తల ఎత్తింది. అది గాలి వాసన పట్టేలోపే ఆమె కాల్చింది. ఒక్క దెబ్బకే కూలింది.

"అబ్బో," అన్నాడు మెర్ల్ వెనకనుంచి, ఆయాసపడుతూ. "ఆ ఇనప తుంటి నాక్కూడా పెట్టించాలి."

"ముందు పొట్ట తగ్గించు. ఇనుము దండగ."

ఆ పగలంతా కోశారు. తొడలు, జబ్బలు విడదీసి గుడ్డ సంచుల్లో వేసి, ఎలుగుబంటికి అందనంత ఎత్తున వేలాడదీశారు. గుండె ముక్కలు పందికొవ్వులో వేయించుకుని తిన్నారు. ఎల్డన్ ఉంటే ఉప్పు ఎక్కువైందనేవాడు.

మర్నాడు ఓర్లీన్ గుడారం మడుస్తుంటే మెర్ల్ బరువులు ఎత్తాడు. కంచరగాడిదల్లో ముందు డాలీ, దాని వెనక బిస్కెట్, ఆఖరున బిషప్. బిషప్ మీద తొడల సంచులు వేసి, ఆ పైన కొమ్ములు మొనలు పొడుచుకోకుండా బోర్లించి కట్టాడు. పనిమంతుడే. అందులో వంక పెట్టడానికి లేదు.

ప్రార్థన మెట్టు కనపడగానే ఓర్లీన్ గుర్రం దిగింది. అక్కడ ప్రతి ఒక్కరూ దేవుణ్ణి తలుచుకుంటారు కాబట్టే ఆ పేరు. ఓర్లీన్ మాత్రం పురికొసలు తడిమి చూస్తుంది. డాలీ జీను వెనక చెయ్యి పెట్టింది. వేళ్ళకు నున్నగా, గట్టిగా తగిలింది. నైలాన్ తాడు. బిస్కెట్ జీనుకూ అదే.

"ఎవరు కట్టారిది?"

మెర్ల్ గుర్రం మీదనుంచి ఆమె వైపు చూడలేదు. "నేనే. నువ్వు గుడారంలో ఉన్నప్పుడు."

"మీ నాన్న చూస్తే చెంప పగలగొట్టేవాడు."

"నాన్న ఊరి మాటలు వినలేదుగా. వదినా, ఇది తెగదు. ఏనుగు లాగినా తెగదు. తెగకపోతే పశువులు నీవే, అన్నది నేనేగా." అతని గొంతు తగ్గింది. "పందెం నువ్వే గెలవాలని కట్టా. అన్న పోయాక నీ దగ్గరున్నవి అవేగా. ఊరుకో. దిగిపోదాం. ఎవరికీ చెప్పను."

ఓర్లీన్‌కు కోపం వచ్చింది. అతను పశువులు లాక్కోవాలని చూసినప్పుడు కూడా ఇంత కోపం రాలేదు. జాలిపడి గెలిపించడానికి వచ్చాడు. ఆమె నడుమునున్న కత్తి తీసింది.

"పురికొస తెగితే పశువులు నీ చెయ్యి దాటి పోతాయి వదినా, ఆలోచించుకో," అన్నాడు మెర్ల్.

"తెగకపోతే అన్నీ పోతాయి. ఒకటి జారితే మూడూ పోతాయి, వాటి పగ్గం పట్టుకున్న నువ్వూ పోతావు. గెలవడానికి కట్టే తాడు కాదిది, మెర్ల్. నీ పందెం నీ దగ్గరే ఉంచుకో."

నైలాన్ రెండుచోట్లా కోసి అగాధంలోకి విసిరింది. జేబులోంచి పురికొస తీసి, పళ్ళతో తుంపి, ఉచ్చులు వేసింది. ఒక్కో ముడినీ లాగి చూసింది. ఏదీ వదులు కాలేదు.

"ముందు నువ్వు పో. నేను నా గుర్రాన్ని పట్టుకుని వెనక నడుస్తూ మూటలు చూస్తా."

మెర్ల్ డాలీ పగ్గాన్ని తన గుర్రం జీను ముందున్న కొమ్ముకు ఒక చుట్టు చుట్టి గుర్రాన్ని కదిలించాడు. గుర్రాల గిట్టల కింద రాళ్ళు గలగలలాడాయి. మెట్టు సగం దాటాక ఎండ తగలని మూల ఉంది. అక్కడ నిన్నటి నీళ్ళు రాయి మీద గాజులా గడ్డకట్టాయి. డాలీ దాటింది. బిస్కెట్ దాటింది. బిషప్ ముందుకాలు వేసింది, వెనక కాలు జారింది.

అది అరవలేదు. కూర్చున్నట్టు కూలబడి పక్కకు ఒరిగింది. బిస్కెట్ వెనక్కి రెండడుగులు ఈడ్చుకుపోయి గిట్టలు రాతికి తన్నిపెట్టింది. డాలీ మెడ సాగింది. మెర్ల్ ఎక్కిన గుర్రం వెనక్కి జారిపోతూ ఒక గిట్ట మెట్టు అంచు దాటి గాల్లో పెట్టింది. అతను పగ్గం చుట్టు విప్పుకోలేకపోయాడు. చుట్టు బిగిసిపోయింది.

పురికొస టప్పున తెగింది.

బిషప్ రాళ్ళ జారుడు మీదుగా దొర్లుకుంటూ కిందికి పోయింది. పైన మిగిలినవన్నీ నిలబడి, ముక్కులు ఎగరేసి, వణుకుతున్నాయి. మెర్ల్ తన చేతిలోని పగ్గాన్నే చూస్తున్నాడు.

ఓర్లీన్ తుపాకీ బండకు ఆనించి, కూర్చుని, జారుకుంటూ, తుంటిని తిట్టుకుంటూ కిందికి దిగింది. బిషప్ వాగు ఒడ్డున పడి ఉంది. జీను పొట్ట కిందికి తిరిగిపోయింది. కొమ్ములు విరిగాయి. పీచులా చిరిగిన సంచుల్లోంచి మాంసం నీళ్ళల్లో పడింది. ఆమె జీను పట్టీ కోసింది. పశువు కళ్ళు తిప్పింది. "లే," అంది ఓర్లీన్. "నువ్వు లేవకపోతే ఫెర్న్ సంతోషపడుద్ది, లే." అది ఒకసారి విదిలించుకుని, ముందుకాళ్ళు మోపి, లేచి నిలబడింది. మోకాళ్ళ దగ్గర తోలు లేచిపోయింది. ఎముకలు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి.

మెట్టు దాటి పశువుల్ని చెట్టుకు కట్టి మెర్ల్ కూడా వాగులోకి దిగాడు. ఇద్దరూ మోకాలి లోతు నీళ్ళల్లో నిలబడి మాంసం ఏరి, ఇసుక కడిగారు. చేతులు మొద్దుబారాయి. చాలాసేపటికి మెర్ల్ అన్నాడు, "నైలాన్ ఉంటే..."

"మాంసం పట్టుకో," అంది ఓర్లీన్.

కొండ దిగే దారి చివర, ట్రక్కులు ఆపే మైదానంలో వేటకు వెళ్ళిన వాళ్ళ కోసం కొందరు నిలబడి ఉన్నారు. వాళ్ళలో ఫెర్న్ కూడా ఉంది, మొగుడి కోసం కాఫీ ఫ్లాస్కు పట్టుకుని. హోయ్ట్ ఉన్నాడు. బిషప్ కుంటుతూ వరస పక్కనే ఒంటరిగా నడిచి వస్తోంది. బిస్కెట్ జీను వెనక తెగిన పురికొస ముక్క ఊగుతోంది. ఫెర్న్ చూపు నేరుగా దాని మీదే పడింది.

"మళ్ళీ తెగిందన్నమాట," అంది ఫెర్న్, అందరికీ వినపడేట్టు. "పోయినేడు లాగానే. పందెం సంగతి మేమూ విన్నాంలే. మరింక పశువులు మీ కొట్టంలోకేగా, మెర్ల్?"

మెర్ల్ టోపీ తీశాడు. దాని అంచు చూసుకున్నాడు. మళ్ళీ పెట్టుకుని, డాలీ పగ్గాన్ని ఓర్లీన్ చేతికిచ్చాడు.

ఓర్లీన్ బిషప్‌ని తన బండి వెనక తలుపు దగ్గరికి నడిపించుకొచ్చింది. ఫెర్న్ సరిగ్గా ఆ తలుపుకు అడ్డంగా నిలబడి ఉంది.

"తెగింది," అంది ఓర్లీన్. "తెగాలనే కట్టా. దారికి అడ్డం తప్పుకో, నా పశువుల్ని ఎక్కించాలి."