నీలం తల గుండుసూది

రక్తపరీక్షల గదిలో ప్లాస్టిక్ కుర్చీలో కోటిలింగం కూర్చుని ఉన్నాడు, పరగడుపున ఒకసారి రక్తం ఇచ్చాడు, టిఫిన్ తిన్నాడు, రెండు గంటలయ్యాక మళ్లీ ఇవ్వాలి కాబట్టి కదలకూడదు, కానీ గోడగడియారం ముల్లు ఉన్నచోటే కొట్టుకుంటోంది, నంబర్లు పిలిచే అమ్మాయి ముప్ఫై తరవాత ముప్ఫై రెండు అంటోంది, ఇతగాడి చేతిలో చీటీ ముప్ఫై ఒకటి. పోనీ ఇంటికి పోదామని తలుపు తోస్తే అది తలుపు కాదు, తన టైలరింగ్ షాపులో తెర. తెర తీస్తే మళ్లీ అదే గది, అవే కుర్చీలు. మూడుసార్లు తీస్తాడు, మూడుసార్లూ అదే. ఊపిరాడక కుర్చీలోనే చతికిలబడతాడు.

పక్క కుర్చీలో బావ శేషగిరి ఉన్నాడు. అక్క మొగుడు, కోటిలింగానికి కత్తెర పట్టడం నేర్పినవాడు, పోయి పదకొండు నెలలైంది. కల కాబట్టి అది వింతగా లేదు. పోయేముందు ఆస్పత్రిలో ఒక కాలు తీసేశారు, ఇప్పుడు రెండు కాళ్లూ ఉన్నాయి, అదే వింతగా ఉంది. మెడలో టేపు, పెదాల మధ్య నీలం తల గుండుసూది, షాపులో ఎప్పుడూ ఉన్నట్టే.

"ఏరా లింగం, ఈసారి ఎన్ని రోజులు మానేశావు అన్నం?"

"రెండు రోజులు. నిన్న కాకరకాయ రసం కూడా తాగా బావా."

"శభాష్! నేను నేర్పిన విద్యేగా."

నిజమే, అతను నేర్పిందే. ఇద్దరికీ షుగరే, ఇద్దరికీ ఒకే డాక్టరు. పరీక్షకు రెండు రోజుల ముందు అన్నం, పంచదార మానేసి బుద్ధిమంతుల్లా రక్తం ఇచ్చి, డాక్టరుగారు "పర్లేదే" అనగానే ఎదురు హోటల్లో పూరీలు, జాంగ్రీలు లాగించి ఇంటికి పోయేవాళ్లు. డాక్టరుకు భయపడ్డారు గానీ జబ్బుకు భయపడలేదు, ఆ తెలివికి దండం పెట్టాలి.

కుర్చీల కింద గుడ్డపీలికలు పేరుకుంటున్నాయి, గది ఎప్పుడు షాపయిందో తెలియదు, గడియారం మాత్రం అదే. శేషగిరి కొలతల పుస్తకం అట్టలో వేలు పెట్టి మడతపెట్టిన కాగితం లాగుతున్నాడు. కోటిలింగం ఇంట్లో ఎవరికీ కనపడకుండా దాచిన కాగితం అది, కొత్త డాక్టరమ్మ చేయించిన పరీక్ష, రక్తంలో చక్కెర మూడు నెలల సగటు, పదకొండు. ఏడు దాటకూడదని ఆవిడ చెప్పింది. తిండి, మాత్రలు, పాదాలు చూసుకోవడం, ఇవన్నీ ఒక్కరి వల్ల అయ్యేవి కావు, మీ ఇంటావిణ్ని వెంటబెట్టుకు రండి అని కూడా చెప్పింది.

"రెండు రోజుల పస్తుకు మూడు నెలలు మోసపోతాయట్రా?" అంటున్నాడు శేషగిరి. "హైమావతికి చెప్పావా?"

"అదుపులో ఉందని చెప్పా."

"ఎందుకలా?"

"నీ సంగతి చూశాక దానికి షుగరంటేనే వణుకు బావా. ఎలా చెప్పను?"

అది సగం నిజం. మిగతా సగం గొంతుకు అడ్డంపడి ఉంది, పదకొండు నెలలుగా అక్కడే ఉంది. "నీ కాలివేలు నల్లబడ్డప్పుడు నాకొక్కడికే చూపించి, అక్కకు చెప్పనని ఒట్టు వేయించుకున్నావు. ఇరవై రోజులు నోరు కుట్టేసుకున్నా. ఏ ఒక్కరోజు చెప్పినా నువ్వు బతికేవాడివేమో," అంటున్నాడు కోటిలింగం, ఏడుస్తున్నాడు, ఏడుపు బయటికి వినపడటం లేదు.

"కోపం లేదని అబద్ధమాడను," అంటున్నాడు శేషగిరి. "నీ మీద కొంచెం, నా మీద చాలా. ఆ ఒట్టు తీసి గట్టు మీద పెట్టాల్సింది. ఇప్పటికైనా పెట్టు."

తరవాత అతను, ప్యాంటు అంచు మడవటానికి కూర్చున్నట్టే, మోకాళ్ల మీద కూర్చుంటాడు. "చీటీ పారేసుకుంటావు, ఉండు," అంటూ నోట్లోని నీలం సూది తీసి ముప్ఫై ఒకటో నంబరు చీటీని కోటిలింగం ఎడమ మడమకే గుచ్చేస్తాడు.

"నొప్పిగా ఉందా?"

"లేదు."

"నాకూ లేదురా. నొప్పి లేదు కదా, ఏమీ లేదనుకున్నా."

ఇప్పుడతనికి ఒక కాలే ఉంది. "ముప్ఫై ఒకటి!" అని అమ్మాయి పిలుస్తోంది, కోటిలింగం లేవబోతున్నాడు, కాలు నేలకు కుట్టేసినట్టు కదలడం లేదు, తెర దానంతటదే మూసుకుంటోంది.

మెలకువ వచ్చింది. మధ్యాహ్నం మూడయింది. అన్నం తిని కత్తిరింపుల బల్ల మీద నడుం వాల్చినవాడు అలాగే నిద్రపోయాడు. షాపు వెనకే ఇల్లు. హైమావతి గిన్నెలు తోముతున్న చప్పుడు వినిపిస్తోంది. కోటిలింగం బల్ల దిగబోతూ కాలు చూసుకున్నాడు. ఎడమ మడమలో గుండుసూది తలదాకా దిగి ఉంది, నీలం తల. చుట్టూ రక్తం ఎండి నల్లగా ఉంది. పొద్దుటి నుంచీ దాని మీదే నడిచాడు, ఆ కాలితోనే మిషను తొక్కాడు, చీమ కుట్టినట్టయినా లేదు.

పీకేసి ఓ పీలిక చుట్టేసుకుంటే ఎవరికీ తెలియదు. అలాంటి పనుల్లో అతని చెయ్యి ఆరితేరింది. వేళ్లు సూది దాకా వెళ్లి ఆగాయి. కొలతల పుస్తకం అట్టలోంచి కాగితం తీసి పక్కన పెట్టుకున్నాడు.

"హైమా!"

"చేతులు తడిగా ఉన్నాయి, ఏంటో అక్కణ్నించే చెప్పు!"

"ఏం లేదులే" అన్నది అలవాటుగా నాలిక చివరిదాకా వచ్చింది. మింగేశాడు.

"ఇక్కణ్నించి చెప్పేది కాదు," అన్నాడు. "తడి చేతుల్తోనే రా."