చీటీ అంటించిన పాటలు

కూతురు కొనుక్కొచ్చిన ఆ పాటల పెట్టెను చూడగానే ఆమెకు వచ్చిన మొదటి అనుమానం, ఇది ఎప్పుడు పేలుతుందా అని. అగ్గిపెట్టెకన్నా పొట్టిగా ఉంది. ముందువైపు గోరంత అద్దం, దాని కింద నాలుగు బొత్తాలు, పక్కన తీగ దూర్చుకోవడానికి చిన్న రంధ్రం. ఇంత ఇరుకులో అరవై పాటలు కుక్కారంటే లోపల ఎంత వేడెక్కుతుందో!

"పాటలకు వేడి ఉండదమ్మా," అంది కూతురు.

"చేతిలో అంత ఫోను పెట్టుకుని మళ్ళీ ఇదెందుకే?"

"దీనికి నువ్వు ఫోన్ చెయ్యలేవు. అందుకు."

ఆమె పెట్టెను చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూసింది.

కూతురు పెద్దవయసు వాళ్ళకు వ్యాయామం చేయించడంలో శిక్షణ తీసుకుంది. ఉద్యోగం ఇచ్చేముందు ఏ వ్యాయామం హాల్లోనైనా ఒక క్లాసు చేసి చూపించమంటారు. మొదటి హాల్లో కూతురు తన ఫోన్లోనే పాట పెట్టి దాన్ని స్పీకరుకు తగిలించింది. పద్దెనిమిది మంది చేతులు పైకెత్తి నిలబడి ఉండగా పాట ఆగిపోయి ఫోను మోగింది. అమ్మ. కూతురు కట్ చేసింది. పిల్ల ఫోను కట్ చేసిందంటే ఆమె ఉద్దేశంలో రెండే కారణాలు: ప్రమాదం జరిగి ఉండాలి, లేదా ఎవరో ఎత్తుకుపోయి ఉండాలి. అందుకని ఇంకో ఆరుసార్లు చేసింది. రెండో హాల్లో కూతురు తెలివిగా ఫోను ఆపేసి పెట్టుకుంది. అప్పుడు ఆమె ఇంకా తెలివిగా ఆ హాలు నంబరు సంపాదించి ఆఫీసులో వాళ్ళకు చేసింది. మా అమ్మాయి బతికే ఉందా అని అడిగింది. రెండు ఉద్యోగాలూ రాలేదు.

"ఈ ఊళ్ళో ఇలాంటి హాళ్ళు ఉన్నవే మూడు. రెండు అయిపోయాయి. ఈ శనివారం ఇది కూడా పోతే నేను నేర్చుకున్నదంతా నీళ్ళపాలే. అర్థమైందా?" అంది కూతురు.

"నేనేం చేస్తానే తల్లీ? నా మానాన నేనుంటాను."

ఆ మాట అనేటప్పుడు ఆమె దాన్ని నిజంగానే నమ్మింది. ఆమెతో ఉన్న ఇబ్బందే అది. అన్న ప్రతిసారీ నమ్ముతుంది.

ఆమె పనిచేసేది చొక్కాలు కుట్టే కంపెనీలో, ఆఖరి బల్ల దగ్గర. కుట్టేటప్పుడు విరిగిన సూది మొన ఏ కాలర్లోనో ఉండిపోతే వేసుకున్నవాళ్ళ మెడలో దిగుతుంది. అందుకని ప్రతి చొక్కానూ సూదిని పట్టే మిషను కిందనుంచి పంపి, చేత్తో తడిమి, బాగుంటే నంబరు రాసిన చీటీ అంటించి వదలాలి. చీటీ లేని చొక్కా గుమ్మం దాటదు. భయపడినందుకు జీతం ఇచ్చే ఉద్యోగం లోకంలో ఇదొక్కటే అని ఆమె నమ్మకం. పదహారేళ్ళుగా చేస్తోంది. కంపెనీలో అందరూ ఆమెను సూదమ్మ అనే పిలుస్తారు.

అలాంటి మనిషి, తన పిల్ల పట్టుకెళ్ళే అరవై పాటలను చూడకుండా ఎలా వదులుతుంది?

"శుక్రవారం దాకా నా దగ్గరుంచు. అలవాటైతే భయం పోతుందేమో," అని అడిగింది.

కూతురు పెట్టెను ఆమె వైపు జరిపింది. "సరే. నాకు ఫోన్లో ఇవే పాటలున్నాయి, వాటితో ప్రాక్టీసు చేసుకుంటాను. బొత్తాలు మాత్రం ఇష్టమొచ్చినట్టు నొక్కకు."

మధ్యాహ్నం అన్నం వేళ ఆమె ఇస్త్రీ గదిలో గోడకు ఆనుకుని కూర్చుని వినడం మొదలుపెట్టింది. ఇస్త్రీ చేసే అక్క తొంగి చూసింది.

"ఏంటి సూదమ్మా, ఒక చెవిలోనే పెట్టుకున్నావు? రెండోది పాడైందా?"

"రెండూ మూసుకుంటే వెనకనుంచి ఏదైనా వస్తే ఎలా తెలుస్తుంది?"

"నీ వెనక ఉన్నది గోడ."

"గోడలు కూలవా అక్కా?"

అక్క నవ్వీ నవ్వీ, చేతిలో ఉన్న ఇస్త్రీపెట్టెను చొక్కా మీదే మర్చిపోబోయింది. దానికి కూడా ఆమే అరవాల్సి వచ్చింది.

మొదటి పాట పూర్తిగా విన్నది. అన్నీ మాటల్లేని వాయిద్యాలే. తప్పేమీ కనిపించలేదు. రెండో పాటకు వెళ్ళబోతుంటే చెయ్యి ఆగిపోయింది. చూసినదానికి చీటీ పడాలి కదా. పాటకు చీటీ ఎక్కడ అంటిస్తారు?

"ఈ పక్క బొత్తం కాసేపు నొక్కిపట్టుకో. నువ్వు మాట్లాడింది అందులోనే ఉండిపోతుంది. మా మరిది దగ్గర ఇలాంటిదే ఉండేది," అంది అక్క.

అప్పటినుంచి ఆమెకు పని హాయిగా సాగింది. పాట వినడం, బొత్తం నొక్కడం, "ఇది ఫలానా నంబరు, చూశాను, పాస్," అని చెప్పడం. పాటలు ఒక అరలో, తన చీటీలు ఇంకో అరలో ఉంటాయని ఆమె లెక్క. కంపెనీలో అలాగే ఉంటాయి మరి. ఈ పెట్టెలో ఉన్నదాన్నంతా కలగలిపి ఒకదాని తర్వాత ఒకటి వచ్చేట్టు కూతురు ముందే పెట్టి ఉంచిందని ఆమెకు తెలియదు. లోపల చీటీలు పడుతున్నాయని కూతురికీ తెలియదు.

గురువారం నలభై ఒకటో పాట దగ్గర చిన్న చిక్కు వచ్చింది. అది మెత్తగా, తీరిగ్గా సాగే పాట. వింటున్నంతసేపూ ఆమెకు దేనికీ భయం వెయ్యలేదు. భయం పక్కకు తప్పుకునేసరికి దాని వెనక దాక్కున్నది బయటికొచ్చింది. బొత్తం నొక్కి చెప్పేసింది: "నలభై ఒకటోది. చూశాను. నిజం చెప్పాలంటే మా పిల్లకు ఈ ఉద్యోగం రాకపోతేనే బాగుండు. రెండు బస్సులు మారాలి, ఆ ఆరు రోడ్ల కూడలి దాటాలి. ఇంటి దగ్గర ఏ కొట్టులోనో కూర్చుంటే నా కళ్ళ ముందే పడి ఉంటుంది. పాట బాగుంది. పాస్."

చెప్పిన వెంటనే తీసెయ్యాలనిపించింది. ఎలా తీసెయ్యాలో తెలియదు. తప్పు బొత్తం నొక్కితే అరవై పాటలూ పోవచ్చు. సరేలే, ఎక్కడో అడుగున పడి ఉంటుంది, ఎవరు వింటారు అనుకుని నలభై రెండో పాటకు వెళ్ళింది.

శనివారం ఉదయం కూతురు బయలుదేరింది. ఆ తర్వాతి బస్సుకు ఆమె బయలుదేరింది. హాలు బయట బెంచీ మీద కూర్చుంటానంతే అని తనకు తానే చెప్పుకుంది. కానీ బెంచీ మీదనుంచి లోపలిది కనిపించదు. కనిపించకపోతే ఊహించుకోవాలి. ఆమె ఊహల్లోకి ఏదొచ్చినా రాకపోయినా అంబులెన్సు మాత్రం తప్పకుండా వస్తుంది. అందుకని చప్పుడు చెయ్యకుండా తలుపు తీసి లోపల గోడవార నిలబడింది.

ఇరవై ప్లాస్టిక్ కుర్చీలు, వాటి పక్కన ఇరవై మంది పెద్దవాళ్ళు. ముందు కూతురు. పక్కన స్టూలు మీద స్పీకరు, దానికి తగిలించిన పాటల పెట్టె. కిటికీ దగ్గర హాలు మేనేజరమ్మ అట్ట మీద కాగితం పెట్టుకుని రాసుకుంటోంది. రెండు పాటలు చక్కగా గడిచాయి. కూతురు ఒక్కొక్కరినీ చూసి నవ్వుతూ, మోచెయ్యి సరిచేస్తూ, ఎంత నేర్పుగా చేయిస్తోందో! ఆమె ఛాతీ కాస్త పొంగింది.

అప్పుడు స్పీకర్లోంచి ఆమె గొంతు వచ్చింది.

"పన్నెండోది. చూశాను. డప్పు మరీ గట్టిగా ఉంది. గుండెజబ్బు వాళ్ళెవరైనా ఉన్నారేమో కనుక్కోవాలి. పాస్."

ఇరవై మందీ పైకప్పు వైపు చూశారు. కూతురి చేతులు గాల్లోనే ఆగిపోయాయి. ముందు వరసలో ఉన్న రిటైరైన లెక్కల మాస్టారు మెల్లిగా చెయ్యెత్తారు.

"నాకుందమ్మా."

హాలంతా నవ్వింది. కూతురు ఒక్క క్షణంలో తేరుకుంది. "అయితే మాస్టారూ, మీరు కూర్చుని చెయ్యండి. కాళ్ళు చాలు," అంది. ఇంతలో ఇంకో పాట మొదలైంది. అది అయ్యాక మళ్ళీ గొంతు.

"ముప్ఫయ్యోది. ఇలాంటి నెమ్మది పాటకు మా అమ్మాయి అందరినీ ఒంటికాలి మీద నిలబెడుతుంది. కుర్చీ పట్టుకోమని చెబుతుందో లేదో. పాస్."

ఇరవై చేతులు ఠక్కున ఇరవై కుర్చీలను పట్టుకున్నాయి. ఒక పెద్దావిడ, "ఎవరోగానీ బాగా చెబుతోంది," అంది. మేనేజరమ్మ ఏదో రాసుకుంది. తర్వాతి పాట మొదలవగానే కూతురు నిజంగానే అందరినీ ఒంటికాలి మీద నిలబెట్టింది.

గోడవార ఉన్న మనిషికి ముందు సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది. తర్వాత నలభై ఒకటి గుర్తొచ్చింది.

ఆపైన ఆమె ఆలోచించలేదు. ఒంటికాలి మీద ఊగుతున్న పెద్దవాళ్ళ మధ్యనుంచి, కుర్చీలను తోసుకుంటూ పరిగెత్తింది. స్పీకరు తీగ పట్టుకుని గట్టిగా లాగింది. స్టూలు, స్పీకరు, పెట్టె, ఆమె, అన్నీ కలిసి నేల మీద పడ్డాయి. ఎవరు పడతారో ఎవరు పడతారో అని నాలుగు రోజులు బెంగపెట్టుకున్న ఆ హాల్లో, పడింది ఆమె ఒక్కతే.

పాట ఆగిపోయింది. ఎవరో పెద్దాయన "అయ్యయ్యో," అన్నాడు.

"ఎవరూ కదలొద్దు," అంది కూతురు. "కుర్చీ వదలకండి. పాట లేకపోతే పోనీ, లెక్క మనమే పెట్టుకుందాం. మాస్టారూ, మీరు మొదలుపెట్టండి. ఒకటి..."

మాస్టారు అందుకున్నారు. ఎనిమిది దాకా వచ్చేసరికి అందరూ అందుకున్నారు. రెండు కాళ్ళకూ పూర్తయ్యాక, మంచినీళ్ళకు పది నిమిషాలు విరామమని చెప్పి, కూతురు వచ్చి ఆమెను లేపింది. మేనేజరమ్మ కూడా దగ్గరికొచ్చింది.

"మీరెవరండీ?"

"నేను... ఆ పాటల్లో..."

"తెలుస్తోంది. గొంతు అదే." మేనేజరమ్మ నవ్వలేదు. కూతురి వైపు తిరిగి, "రెండో సగం కూడా చూసి చెబుతాను. మీ అమ్మగారు మాత్రం తలుపు బయటే ఉండాలి," అంది.

వరండాలో బెంచీ మీద ఇద్దరూ కూర్చున్నారు. కూతురు పెట్టెను తుడిచింది. పగల్లేదు.

"ఆ రెండు చీటీలకూ నవ్వుకుని ఊరుకున్నారు కదా. ఇంకెందుకు పరిగెత్తావు?"

స్పీకర్లోంచి పొగ వచ్చిందని చెబుదామని ఆమె నాలుక చివరిదాకా వచ్చింది. అలాంటివి ఆమె దగ్గర ఎప్పుడూ సిద్ధంగా ఉంటాయి.

"నలభై ఒకటోది వస్తుందేమోనని," అంది.

కూతురు పెట్టెకు ఇయర్‌ఫోను తగిలించి చెవిలో పెట్టుకుని వెతికింది. దొరికింది. ఆమె కూతురి మొహాన్నే చూస్తూ కూర్చుంది. అంత చిన్న చీటీ వినడానికి అంతసేపు పడుతుందని ఆమె అనుకోలేదు.

"అంటే అప్పటి ఫోన్లు కూడా కావాలనే చేశావా?"

"లేదే తల్లీ, ఒట్టు. అవి భయం కొద్దీ చేసినవి. ఇది..."

"ఇది?"

"ఇది కూడా భయమే. కాస్త సిగ్గులేని భయం."

కూతురు నవ్వలేదు. పెట్టెను ఆమె చేతిలో పెట్టింది. "నేను తియ్యను. నువ్వే తీసెయ్. ఇది నొక్కితే తీసెయ్యాలా అని అడుగుతుంది. అప్పుడు ఇది నొక్కు."

"తప్పు నొక్కితే? పాటలన్నీ పోతే?"

"పోతే లెక్కపెట్టుకుంటూ చేయిస్తాను. ఇందాక చేయించలేదా?"

ఆమె రెండు బొత్తాలనూ మార్చి మార్చి చూసింది. కళ్ళు మూసుకుని నొక్కింది. రెండోసారీ నొక్కింది.

"పోయిందా?"

"పోయింది."

"అదొక్కటే పోయిందా?"

"అదొక్కటే. మిగతా యాభై తొమ్మిది చీటీలూ భద్రంగా ఉన్నాయి, ఏం బాధపడకు." కూతురు పాటలు మాత్రమే వచ్చేట్టు ఏదో మార్చి, లేచి లోపలికి వెళ్ళిపోయింది. వెనక్కి తిరిగి చూడలేదు. తలుపు మూసుకుంది.

ఆమె బెంచీ మీదే కూర్చుంది. లోపల పాట వినిపించింది. దాని మీద ఇరవై గొంతుల లెక్క. పాట ఉన్నా వాళ్ళు లెక్క మానలేదు. ఏడు, ఎనిమిది అని ఒక్కోసారి ఆగిపోయేవారు. అలా ఆగిన ప్రతిసారీ ఎవరో పడ్డారని ఆమె సగం లేచేది. మళ్ళీ ఒకటి అనగానే కూర్చునేది. అలా లేచి కూర్చోవడంలో లోపలివాళ్ళతో సమానంగా ఆమెకూ వ్యాయామం అయింది. ఒక్కసారి కూడా తలుపు తియ్యలేదు. ఫోను కూడా తియ్యలేదు. రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చుంది.

చివరికి మేనేజరమ్మ ఒక్కతే బయటికొచ్చింది. ఆమె గబుక్కున లేచింది.

"ఎవరూ పడలేదు కదండీ?"

"మీ తర్వాత ఎవరూ పడలేదు." ఈసారి మేనేజరమ్మ పెదవి చివర కాస్త వంగింది. "పాట ఆగినా క్లాసు ఆగకుండా నడిపింది. నాకు కావలసింది అదే. సోమవారం నుంచి రమ్మంటున్నాను. లోపల తనకు చెప్పాను, మీకు చెప్పమని తనే పంపింది."

రెండు బస్సులు, ఆరు రోడ్లు ఆమె కళ్ళ ముందు గిర్రున తిరిగాయి. అయినా నోరు తెరిచి, "సోమవారం దాకా ఎందుకండీ? రేపటి నుంచే పంపిస్తాను," అంది. ఆ మాట అన్నది తనేనా అని పక్కకు తిరిగి చూసుకుంది కూడా.

"రేపు ఆదివారం కదమ్మా. మాకు సెలవు."

"అవునా? అలాగే లెండి," అంది ఆమె, చాలా నిరాశపడ్డట్టు మొహం పెట్టి. ఒకరోజు కలిసొచ్చినందుకు లోపల ఎంత సంతోషపడిందో మాత్రం ఎవరికీ చెప్పలేదు, ఏ పెట్టెలోనూ చెప్పలేదు.