బోర్డు మూలనున్న మేకు

“కార్డు తీసి బల్ల మీద పెట్టు,” అన్నాడు సూపర్‌వైజర్.

మెడలోని కార్డు తీశాను గానీ చేతిలోంచి వదల్లేదు. ఈ బిస్కెట్ ఫ్యాక్టరీ ప్యాకింగ్‌లో నేను పర్మనెంట్ కావలసింది రేపే. ఇది పోతే ఇల్లు గడవదు. పొద్దున ఎవరో పేరు చెప్పకుండా ఫోన్ చేసి, నాది పదో తరగతి కాదు, ఎమ్మెస్సీ అని చెప్పేశారట. ఎక్కువ చదివినవాళ్ళని ఇక్కడ చేర్చుకోరు. నాలుగు రోజులు చేసి మానేస్తారని భయం. ఎమ్మెస్సీకి తగ్గ ఉద్యోగం కోసం నేను మూడేళ్ళు చెప్పులరిగేలా తిరిగానని వీళ్ళకెందుకు?

అనుమానం ముందు నా మొగుడి మీదికే పోయింది. బీకాం చదివి ఖాళీగా ఉన్నాడు. నాకు కార్డు వచ్చినప్పటి నుంచి ముఖం మాడ్చుకుని, దొరసానిగారు డ్యూటీ దిగారా అని దెప్పుతూనే ఉన్నాడు.

“చేర్చుకునే రోజు నీ ముందు ఇంగ్లీషు బోర్డు పెట్టాను,” అన్నాడు సూపర్‌వైజర్. చదువు దాచి వచ్చేవాళ్ళని అలాగే పట్టుకుంటాడు. ఇంగ్లీషు ధారాళంగా చదివేవాళ్ళ కళ్ళు అక్షరాల వెంట పరిగెడతాయి. “నీ కళ్ళు కదల్లేదు. బోర్డు మూలనున్న మేకు మీదే చూపు నిలిపావటగా. భలేదానివే.”

మేకు సంగతి మొగుడికి కూడా తెలియదు. ఒక్కదానికే చెప్పాను.

పొడుగుకి. ఎత్తుగా ఉంటుందని దాన్ని అలాగే పిలుస్తాను. యూనివర్సిటీ హాస్టల్లో ఇద్దరిదీ ఒకే గది. అన్నిట్లో అదే ఫస్టు, దాని వెనక నేను. ఆ మంట ఇంకా చల్లారలేదు. అయినా ఉద్యోగం లేదని అది ఏడిస్తే కరిగిపోయి, ఈ కిటుకు నేర్పి ఇక్కడికి తెచ్చాను. బెల్టు దగ్గర నా చెయ్యే వేగం. ఉన్న ఒక్క పర్మనెంట్ సీటూ నాకే అన్నారు. నిన్న అది నవ్వుతూ అంది, “నీకేమే, ఇక్కడైనా ఫస్టొచ్చావు.”

గది అద్దం అవతల పొడుగు తలొంచుకుని ప్యాకెట్లు సర్దుతోంది. మెడలో కార్డు ఊగుతోంది. వాళ్ళింట్లోనూ సంపాదించేది అదొక్కతే. నేను నోరు మూసుకుంటే నా సీటులో కూర్చుంటుంది. మళ్ళీ అదే ఫస్టు.

కార్డు బల్ల మీద పెట్టాను.

“ఫోన్ చేసింది ఎవరో తెలుసా సార్?”

సూపర్‌వైజర్ తలెత్తాడు.

“అదిగో, ఆ పొడుగమ్మాయి. తనదీ ఎమ్మెస్సీయే. మార్కులు నాకంటే ఎక్కువ.”